ముందే చెప్పిన సాక్ష్యం

పోయిన ఎండాకాలం నాటికి మా ఇంట్లో మిగిలింది ముగ్గురం. నేను, మా అమ్మ బాలమ్మ, నా కూతురు దీవెన. నా భార్య రెబెకా అంతకు ముందు దసరా సెలవుల్లో విషజ్వరం వచ్చి పోయింది. మట్టి చేసి ఇంటికొచ్చిన రోజు నుంచీ నాకు ఏడుపు రాలేదు. రాలేదన్న దిగులూ లేదు. పొద్దున మొహం కడుక్కుంటే నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలిసేది కాదు. మా పేటలో కొందరు రూబెన్‌ది రాతిగుండె అన్నారట. ఆ మాట అన్నవాళ్ల మీద కోపమన్నా రావాలి కదా, అదీ రాలేదు.

నేను బడి బస్సు నడుపుతాను. పొద్దున్నే ఆళ్లగడ్డలో బండి తీసి నల్లగట్ల, బత్తలూరు, శిరివెళ్ల మీదుగా పిల్లల్ని ఎక్కించుకుని నంద్యాలలో దింపాలి. బడి వదిలాక మళ్లీ అదే దారిలో వెనక్కి. దీవెనదీ ఆ బడే, ఒకటో తరగతి. ఆరేళ్ల పిల్ల. నా పక్కన ఇంజను డబ్బా మీద గోనెపట్ట మడిచి వేస్తే దాని మీద కూర్చునేది. చదవడం ఎప్పుడు నేర్చిందో మాకెవరికీ తెలియదు. వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని దుకాణాల పేర్లు అడిగేది, రెబెకా చెప్పేది. మేం గమనించేసరికి అడగడం మానేసి తనే చదువుతోంది. ఎరువుల కొట్ల బోర్డులు, గోడల మీద సిమెంటు ప్రకటనలు, బేతంచెర్ల బండలు మోసుకుపోయే లారీల వెనక రాతలు, ఏదీ వదిలేది కాదు. లారీ నంబర్లలోని అంకెలు కూడి మొత్తం చెప్పేది.

వాళ్లమ్మ పోయాక ఆ పిల్లకు మిగిలిన మాటలు అవే. మా చర్చిలో మనిషి పోతే చచ్చిపోయారు అనరు. ప్రభువు పిలుచుకున్నాడంటారు. దీవెనకు కూడా అట్లాగే చెప్పారు. "మళ్లా ఎప్పుడు పంపిస్తాడవ్వా?" అని ఆ పిల్ల ఒకసారి మా అమ్మను అడిగింది. మా అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసి, పాలు పొంగుతాయి చూడమంది. దీవెన ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఇంట్లో ఏమీ అడగలేదు. బండెక్కితే బోర్డులు చదివేది, దిగితే నోరు మూసుకునేది.

మార్చిలో ఒంటిపూట బళ్లు పెట్టారు. ఒకరోజు నేను బండి అద్దాలు తుడుస్తుంటే చందన మేడం వచ్చింది. ఆమె దీవెనకు క్లాసు టీచరు, మూడో తరగతికి లెక్కలు కూడా ఆమే చెప్తుంది.

"రూబెన్ అన్నా, మీ పాపకు నేను చెప్పేది ఏం ల్యాదన్నా," అంది.

"అల్లరి చేస్తాందా మేడం?"

"అల్లరి చేస్తే బాగుండు. పుస్తకం ఇచ్చిన నెలలోనే అంతా చదివేసింది. ఇంగ మిగతా పిల్లోళ్లు అ ఆ దిద్దుతాంటే కిటికీలోంచి చూస్తా కూచోనుంటాది. పిలిస్తే పలకదు. మొన్న నేను మూడో తరగతికి లెక్కలు చెప్పనీకి పోతా నా ఎంట తీస్కపోయినా. ఆడ పెద్ద పిల్లోళ్లకు రాని భాగారం బోర్డు మీద చేసింది. చేసి నవ్వింది అన్నా. ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే చూసినా."

గుడ్డ పిండి మళ్లీ అద్దం తుడిచాను.

"జూన్‌లో రెండో తరగతిలో గాకుండా మూడులో ఎయ్యమని సార్‌ను అడుగు. నేను గూడా చెప్తా. అడగందే అమ్మయినా..." అని నాలుక కరుచుకుని, "అడుగన్నా," అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం పిల్లలందరూ దిగిపోయాక బండిలో మేమిద్దరమే ఉన్నాం. దీవెన నల్లగట్ల బోర్డు చదివి, నా వైపు తిరిగింది.

"నాయనా, నన్ను మూడో తరగతిలో కూచోబెడ్తావా?"

వాళ్లమ్మ పోయాక ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి కోరిక అది. గౌను అడగలేదు, బొమ్మ అడగలేదు, తిండి కూడా అడగలేదు.

"ఎందుకు మా?"

"ఆడ నాకు తెలీనివి ఉండాయి."

కరస్పాండెంట్ గురుస్వామి సార్ చెడ్డవాడు కాడు. బడి నడిపేవాడికి ఎంత మంచితనం గిట్టుబాటవుతుందో అంత మంచివాడు. రెబెకా మట్టికి నంద్యాల నుంచి వచ్చాడు. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నేను వెళ్లి నిలబడితే ఫోను పక్కన పెట్టాడు.

"ఏమప్పా రూబెన్, ఏందీ సంగతి?"

చెప్పాను. నా గొంతు ఎవరిదో వింటున్నట్టు నాకే వినపడింది.

"ఆరేళ్ల పిల్ల మూడులోనా? ఆన్‌లైన్‌లో వయసు కొడ్తే ఎక్కదప్పా. అయినా ఎనిమిదేళ్లోళ్ల నడమ ఈ పిల్ల నలిగిపోతాది."

"ఆడ నలగదు సార్. ఇప్పుడుండే చోటే నలుగుతాంది."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. సార్ కళ్లజోడు సర్దుకుని, పిలుచుకోని రాప్పా అన్నాడు.

దీవెన వచ్చి టేబులుకు గడ్డం ఆనించి నిలబడింది. సార్ తను చదువుతున్న పేపరు తిప్పి ఇచ్చాడు. వెలుగోడు రిజర్వాయరు నీళ్ల గురించి ఏదో వార్త. ఎక్కడా తడబడకుండా చదివింది. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు అడిగాడు, చెప్పింది. చివరికి గోడ మీద పేరున్న పలక చూపించి, "సార్, మీ పేరు ఎనక ఎం.ఏ. అని ఉండాది. ఏందది?" అని అడిగింది. సార్ పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఆ పిల్లను ఎగాదిగా చూశాడు. సంతలో కోడెదూడను చూసినట్టు చూశాడని నాకు అప్పుడే అనిపించి ఉండాల్సింది. అప్పట్లో నాకు ఏదీ అనిపించేది కాదు.

"ఎండాకాలం అడ్మిషన్లకు తిరుగుతాం గదా, పాపను గూడా బండిలో తీస్కరా. నలుగురూ చూడనీ. జూన్‌లో సంగతి నేను చూసుకుంటా."

"మూడులో ఏస్తారా సార్?"

"చూసుకుంటానంటి గదప్పా."

ప్రైవేటు బడుల్లో పిల్లలకు సెలవులొస్తే టీచర్లకు తిరుగుడు మొదలవుతుంది. నెత్తిన చెంగు కప్పుకుని ఊరూరూ, ఇల్లిల్లూ తిరిగి మీ పిల్లల్ని మా బడిలో చేర్చండని అడగాలి. ఒక బడి వాళ్లు వీధిలోంచి బయటికి వస్తుంటే ఇంకో బడి వాళ్లు లోపలికి పోతుంటారు. మా బస్సుకు రెండు వైపులా ఫ్లెక్సీలు కట్టి పైన మైకు పెట్టారు. ఆ ఏడు మా దగ్గర అన్నిటికంటే పెద్ద సరుకు దీవెన. రచ్చబండ దగ్గర బండి ఆపేవాణ్ణి. చందన మేడం దీవెనను స్టూలు మీద నిలబెట్టి, ఈ పాప మా బడిలో ఒకటో తరగతి, మీ ఇష్టం వచ్చింది ఇచ్చి చదివించుకోండి అనేది. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూసేది కాదు.

జనం ఇళ్లలోంచి దొరికిందల్లా తెచ్చేవాళ్లు. కరెంటు బిల్లులు, పెండ్లి పత్రికలు, ఎరువుల సంచులు. నల్లగట్లలో కర్బూజాలు అమ్మే లాల్ సాహెబ్ పురుగుల మందు డబ్బా పట్టుకొచ్చాడు.

"పెద్దక్షరాలు ఎవురైనా చదువుతారు. ఇదో, ఈ అడుగున ఉండే చిన్నక్షరాలు చదువు చూస్తాం."

"పిల్లలకు అందనంత దూరంలో ఉంచవలెను," అని చదివి, దీవెన ఆ డబ్బాను స్టూలు మీద పెట్టి, కిందికి దిగి దూరంగా వెళ్లి నిలబడింది.

అందరూ నవ్వారు. లాల్ సాహెబ్ అయితే కళ్లు తుడుచుకున్నాడు. "చదవడమే గాదప్పా, చదివింది వింటాది గూడా. మా షిఫాకు చదువొచ్చు, వినడమే రాదు," అని అక్కడికక్కడే మనవరాలిని మూడో తరగతికి రాయించాడు. దీవెనకు ఒక కర్బూజా ఇచ్చాడు. దీవెన ఆ పండును ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా పట్టుకుంది. షిఫా తనతో పాటు మూడో తరగతిలో ఉంటుందా అని మాత్రం అడిగింది. ఉంటుందన్నాను.

బత్తలూరులో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ ఊరి మలుపులో రెండు వేపచెట్ల మధ్య ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎవరో చిన్న వయసామె, పసుపు చీరలో బొమ్మ. గుంపులో ఒకాయన అదెందుకు అడిగాడో తెలియదు, కంటికి ఎదురుగా ఉందని అడిగి ఉంటాడు.

"ఆడుండేది చదువు పాపా."

దీవెన మైకులో చదివింది. కన్నీటి శ్రద్ధాంజలి అని చదివింది. పేరు చదివింది. జననం తేదీ, మరణం తేదీ చదివింది.

"అయితే ఎన్నేండ్లు ఉండె ఆయమ్మకు?"

"ఇరవై ఆరు," అంది దీవెన, వెంటనే.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకరు మొదలుపెడితే అందరూ కొట్టారు. చందన మేడం మైకు లాక్కుని ఇంక చాలు అంది. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. రెబెకాకు ఎన్నేళ్లో ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు దీవెన అడిగింది. "నాయనా, మన చర్చి దగ్గర అమ్మకు కట్టిన ఫ్లెక్సీలో మరణం అని ల్యాదు గదా. ప్రభువు పిలిచెను అని ఉండె."

"ఊఁ."

"రెండూ ఒకటేనా?"

నేను గేరు మార్చాను. ముందు ట్రాక్టరు పోతోంది, దాన్ని దాటాలి. దాటాక ఆ పిల్ల మళ్లీ అడగలేదు.

మే నెలాఖరులో గురుస్వామి సార్ బండి దగ్గరికే వచ్చి నా భుజం తట్టాడు. "ఈ సారి అడ్మిషన్లు బాగొచ్చినాయప్పా. మీ పాప చేతి చలవ. మూడులోనే రాసేద్దాంలే," అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పాను. దీవెన అన్నం తింటున్నదల్లా చెయ్యి ఆపింది. ఎక్కడ చెదిరిపోతుందోనని కాబోలు, మెల్లగా లేచి చేయి కడుక్కుంది. మా అమ్మ పైకి చూసి స్తోత్రం అంది.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. అడిగింది ఇంకా చేతికి రాకముందే, వచ్చేసిందని నమ్మి, నలుగురిలో లేచి సాక్ష్యం చెప్పి దేవుడికి కృతజ్ఞత తెలపాలి. వచ్చాక చెప్పేదానిలో గొప్పేముంది, రాకముందు చెప్తేనే విశ్వాసం అంటారు. ఉద్యోగం రాకముందే ఉద్యోగమిచ్చినందుకు స్తోత్రం చెప్పినవాళ్లున్నారు. రెబెకా నంద్యాల ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అమ్మ అట్లాగే లేచి, నా కోడలిని స్వస్థపరిచి ఇంటికి తెచ్చినందుకు స్తోత్రం అంది. ఆ వారం దాటకుండానే తెచ్చుకున్నాం, వేరే రకంగా. అప్పటి నుంచీ మా అమ్మ చర్చికి వస్తుంది, తెల్లచీర కట్టుకుంటుంది, పాటలు పాడుతుంది, సాక్ష్యాల వేళకు మాత్రం తల దించుకుంటుంది. ఎవరూ ఏమీ అనలేదు. అందుకే ఆమెకు ఇంకా కష్టంగా ఉండి ఉంటుంది.

ఆ ఆదివారం మోషే అయ్యగారు ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడగ్గానే మా అమ్మ లేచింది. నేల మీద చెయ్యి ఆనించి, మోకాళ్ల నొప్పితో మెల్లగా లేచింది. చర్చి మొత్తం అటు తిరిగింది.

"నా మనవరాలు దీవెనమ్మను, ఆరేండ్ల బిడ్డను, దేవుడు మూడో తరగతిలో కూచోబెట్టినాడు. దేవునికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. మోషే అయ్యగారు కళ్లు మూసుకుని ఇంకోసారి అన్నాడు. పిల్లల చాప మీది నుంచి దీవెన వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుంది. దాని మొహం చూస్తే అప్పుడే ఆ తరగతిలో కూర్చున్నట్టుంది. ఇంకా రాయలేదు అని నేను చెప్పవచ్చు. చూపు తిప్పుకున్నాను.

బయటికొచ్చాక చెప్పుల దగ్గర అడిగాను. "సార్ ఇంగా రాయల్యా మా. రాస్తానన్యాడు, అంతే."

"రాస్తాడు."

"రాయకపోతే?"

"నీకు నమ్మకం ల్యాకపోతే నోరు మూసుకోనుండు. నేను నమ్మినా," అంది మా అమ్మ.

ఆళ్లగడ్డలో ఒక చెవిన పడిన మాట నంద్యాలకు చేరడానికి నా బస్సుతో పనిలేదు. మా పేట ఆడవాళ్లు కలుపు తీసేది కొండయ్య చేలో. కొండయ్యకు ఎరువుల కొట్టు ఉంది, ఆయన కొడుకు అజయ్ కుమార్ మా బడిలోనే దీవెన తరగతి. వారం తిరక్కుండా సార్ నన్ను పిలిపించాడు. ఈసారి గొంతు తగ్గించలేదు.

"ఆలు ల్యాదు చూలు ల్యాదు కొడుకు పేరు సోమలింగమని, ఎవురు చెప్పమన్యారప్పా మీ అమ్మను?"

నేను నిలబడ్డాను.

"కొండయ్య ఫోన్ చేసినాడు. డ్రైవరు కూతురికి అడ్డం రాని వయసు మా పిల్లోనికి ఎందుకు అడ్డమొస్తాదంటాడు. ఆయప్ప చూసి ఇంకో ముగ్గురు. ఒకరికి చేస్తే అందరికీ చేయాల. ఈ సంవత్సరం రెండులోనే ఉండనీ."

"వాళ్లకు రాదు సార్. దీవెనకు వస్తాది."

"నాకు తెల్సప్పా. నీ కొడుకు మొద్దు అని ఆయప్పకు చెప్పమంటావా?"

"బత్తలూర్లో మైకిచ్చినప్పుడు వయసు అడ్డం రాల్యా సార్."

సార్ టేబులు మీది పెన్ను తీసి మూత పెట్టాడు. "నువ్వు బండి సంగతి చూసుకో అప్పా," అన్నాడు. నాకు కోపం రావాల్సిన చోటు అది. ఎక్కడో అడుగున ఏదో కదిలినట్టయింది గానీ పైకి రాలేదు. వచ్చి బండి చూసుకున్నాను.

ఇంట్లో చెప్పాను. దీవెన "సరే" అంది. ఏడవలేదు, ఎందుకని అడగలేదు. ఆరేళ్ల పిల్ల అంత తేలిగ్గా సరే అనకూడదు. మర్నాడు ఏదో పని మీద బండి తీస్తే పక్కన కూర్చుంది గానీ బోర్డులు చదవలేదు. నల్లగట్ల పోయింది, బత్తలూరు పోయింది, శిరివెళ్ల పోయింది. దాన్ని చూస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టుంది. నాకు భయమేసింది. చాలా నెలల తర్వాత నాకు తెలిసిన మొదటి భయం అది.

మా అమ్మ ఒకటే ప్రశ్న వేసింది. "బడి ఎప్పుడు తెరుస్తారు?"

బడి తెరిచిన రోజు పొద్దున చర్చి మూల మీద బండి ఆపితే దీవెన వెనకాలే మా అమ్మ కూడా ఎక్కింది. ఆదివారం కట్టే తెల్లచీర కట్టింది. చేతిలో అన్నం గిన్నె.

"యాడికి మా?"

"బడికి."

"బడిలో నీకేం పని?"

"సాక్ష్యం చెప్పింది నేను. ఒకసారి నా మాట అబద్దమాయె. రెండోసారి కానియ్యను. నువ్వు బండి తోలు."

బండెక్కిన పిల్లలంతా ఆమెను వింతగా చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. నంద్యాలలో దిగి, దీవెన చెయ్యి పట్టుకుని, మూడో తరగతి ఏదని ఆయాను అడిగి, నేరుగా లోపలికి పోయింది. దీవెనను ముందు బెంచీలో కూర్చోబెట్టి తను గోడవార కింద కూర్చుంది. ఎవరు లెమ్మన్నా లేవలేదు. అరవలేదు, తిట్టలేదు. దేవునికి మాటిచ్చినానమ్మా, మీ పాఠం మీరు చెప్పుకోండి అంది. చందన మేడం ఒక్క నిమిషం ఆమెనూ దీవెననూ చూసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద లెక్క వేసిందట.

మొదటి రోజు కదా, ఆవరణ నిండా తల్లిదండ్రులు. కొత్తగా చేరినవాళ్లలో సగం మంది దీవెనను స్టూలు మీద చూసి పిల్లల్ని చేర్చినవాళ్లే. గురుస్వామి సార్ నన్ను పిలిపించాడు. చెమట తుడుచుకుంటున్నాడు.

"పోయి మీ అమ్మను బయటికి తీస్కరాప్పా. బేగా పో."

వెళ్లాను. మూడో తరగతి కిటికీ దగ్గర ఆగాను. మా అమ్మ మోకాళ్లు ముడుచుకోలేక కాళ్లు చాపుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. ముందు బెంచీలో లాల్ సాహెబ్ మనవరాలు షిఫా పక్కన దీవెన ఉంది. బెంచీ ఎత్తు, కాళ్లు నేలకు అందడం లేదు. బోర్డు మీద చందన మేడం వేసిన లెక్కను నొసలు ముడిచి చూస్తోంది. దానికి ఆ లెక్క తెలియదు. తెలియని దాని వైపు అట్లా ముందుకు వంగి చూస్తున్న మొహాన్ని నేను పెండ్లయిన కొత్తలో ఒకసారి చూశాను, రెబెకా కుట్టు మిషను నేర్చుకునేటప్పుడు.

నేను వెనక్కి వచ్చాను. సార్ వరండాలోనే ఉన్నాడు.

"ఏమాయె?"

"బండి కడగాల సార్," అన్నాను. అని బండి దగ్గరికి వెళ్లి బకెట్టు తీసుకున్నాను. తాళాలు అడుగుతాడనుకున్నాను. అడిగితే ఇవ్వడానికి జేబులోంచి తీసి బానెట్టు మీద పెట్టాను కూడా. అద్దాలు కడిగాను, చక్రాలు కడిగాను, ఫ్లెక్సీలు కట్టిన తాళ్లు ఇంకా ఉంటే కోసేశాను. మధ్యాహ్నం గంట కొట్టాక సార్ వచ్చాడు. తాళాలు చూశాడు. తీసి నా చేతిలో పెట్టాడు.

"రికార్డులో రెండే ఉంటాది. కూచునేది యాడన్నా కూచోనీ. ఎవురన్నా అడిగితే నాకు తెలీదు."

"మంచిది సార్."

"మీ అమ్మకు కుర్చీ ఎయ్యమని చెప్పినా. కింద కూచోవద్దను."

ఇప్పటికీ రికార్డులో దీవెన రెండో తరగతే. వచ్చే ఏడు ఏం చేస్తారో తెలియదు. కొండయ్య మళ్లీ ఫోను చేస్తే, మీ ఇంట్లో పెద్దామె ఎవరైనా వచ్చి పొద్దస్తమానం కింద కూర్చుంటే మీ పిల్లోణ్ణి కూడా కూర్చోబెడతానని సార్ అన్నాడని చందన మేడం చెప్పింది. వాళ్లింట్లోంచి ఎవరూ రాలేదు. మా అమ్మ వారం రోజులు బడికొచ్చి, ఇంక ఎవరూ దీవెనను లేపరని నమ్మకం కుదిరాక మానుకుంది. తరువాత ఆదివారం చర్చిలో మళ్లీ లేస్తుందనుకున్నాను. లేవలేదు. చెప్పాల్సింది ముందే చెప్పినా గదా అంది.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ మొదటి రోజు సాయంత్రం సంగతి. శిరివెళ్ల పిల్లలు దిగిపోయారు. మా అమ్మ వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. దీవెన గోనెపట్ట మీద కూర్చుంది. ధాబా బోర్డు చదివింది. ఒక లారీ నంబరు కూడి చెప్పింది. బత్తలూరు మలుపులో వేపచెట్ల మధ్య ఫ్లెక్సీ గాలికి సగం చిరిగి వేలాడుతోంది. దాన్ని చూసింది, చదవలేదు.

"నాయనా, షిఫా నన్ను మీ అమ్మ ఏం చేస్తాదని అడిగె."

నేను దారి చూస్తున్నాను. "నువ్వేం చెప్తివి?"

"చచ్చిపోయిందని చెప్పినా."

బండి అదే వేగంతో పోతోంది. ఎనిమిది నెలలుగా మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు.

"అంతే గదా నాయనా?" అంది. భయపడుతూ అడగలేదు. లెక్క సరిపోయిందా అని మేడంను అడిగినట్టు అడిగింది.

"అంతే మా," అన్నాను. "అమ్మ చచ్చిపోయింది."

ఆ మాట నా చెవిన పడింది. ఆ తర్వాత నాకు దారి కనపడలేదు. ఎదురుగా రోడ్డు, చెట్లు, వచ్చే బండ్లు అన్నీ నీళ్లలో కలిసిపోయాయి. ఇండికేటరు వేసి, మెల్లగా పక్కకు తీసి, ఆపాను. స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. వెనక నుంచి నల్లగట్ల పిల్లలు ఏమైంది అన్నా, ఎందుకు ఆపినావు అని అడుగుతున్నారు.

"ఇంజను వేడెక్కింది. ఉండండి," అన్నాను, తల ఎత్తకుండానే.

దీవెన గోనెపట్ట పక్కకు జరిపి, ఇంజను డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసింది. తరువాత ఆ చెయ్యి తీసి నా మోచేతి మీద పెట్టింది. దాని అరచెయ్యి వెచ్చగా ఉంది.

"దినామూ ఉండే వేడే నాయనా," అని మెల్లగా, నాకొక్కడికే వినపడేటట్టు చెప్పింది.